ధ్వనిని ఆపే బుల్లి గోళాలు

గోడ అడ్డముంటే చప్పుడు తగ్గుతుందని మీకు తెలుసు. మరి నడుమ ఖాళీలే ఎక్కువగా ఉన్న గొట్టాల వరుసలు కూడా ధ్వనిని అడ్డగిస్తాయంటే నమ్ముతారా?

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో యుసేబియో సెంపెరె చేసిన శిల్పం ఒకటుంది. ఉక్కు గొట్టాలను 10 సెంటీమీటర్ల ఎడంతో వరుసలుగా నిలబెట్టాడాయన. 1995లో శాస్త్రజ్ఞులు దాని గుండా రకరకాల ధ్వనులను పంపి చూశారు. సెకనుకు సుమారు 1,670 కంపనాలు గల ధ్వని బాగా తగ్గిపోయింది!

కారణమేమిటి? ప్రతి వరుసా ధ్వనిలో కొంత భాగాన్ని వెనక్కు పంపుతుంది. వరుసల ఎడం తరంగదైర్ఘ్యంలో సగమైతే, వెనక్కు మళ్ళిన తరంగాలన్నీ కలిసి బలపడతాయి. వెనక్కు పోయేది పెరిగితే ముందుకు సాగేది తగ్గాలి కదా! మీరే లెక్కకట్టండి. 10 సెంటీమీటర్లకు రెట్టింపు 20 సెంటీమీటర్లు, అంటే 0.2 మీటరు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 340ని 0.2తో భాగిస్తే 1,700. కొలిచిన సంఖ్యకు ఎంత దగ్గరగా ఉందో చూశారా!

ఎడం తగ్గేకొద్దీ ఆగే ధ్వని పౌనఃపున్యం పెరుగుతుంది. అయితే మిల్లీమీటరులో 4,000వ వంతు ఎడంతో వరుసలు పేర్చేదెవరు? ఎవరూ పేర్చనక్కరలేదు, అవే పేర్చుకుంటాయి! పాలలో కొవ్వు బిందువులలాగా ద్రవంలో అతి చిన్న కణాలు తేలుతూ ఉంటే దానిని కాంజికాభ ద్రావణం లేదా కొలాయిడ్ అంటారు. ఆ కణాలు ఒకే సైజు గోళాలైతే, నీరు నెమ్మదిగా ఆరేటప్పుడు అవి దొంతర పెట్టిన బత్తాయిల్లా పొరలుగా సర్దుకుంటాయి. ఓపల్ రత్నంలోని సిలికా గోళాలూ ఇలా పేరుకున్నవే.

2006లో జర్మనీలోని మైంజ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు పాలీస్టైరీన్ గోళాలతో ఇటువంటి స్ఫటికం చేశారు. థర్మోకోల్‌కు ముడిపదార్థం పాలీస్టైరీనే. సెకనుకు వందల కోట్ల కంపనాలు గల ధ్వనిని అది అడ్డగించింది. మన చెవి 20,000 కంపనాలు దాటితే వినలేదు గనుక, కాంతి సాయంతో దానిని కనిపెట్టారు. గోళాల సందులలో నింపిన ద్రవాన్ని మారిస్తే ఆగే పౌనఃపున్యం కూడా మారింది. అంటే ధ్వని మన అదుపులోకి వచ్చిందన్నమాట!

దీని వలన లాభమేమిటి? లోహాలు కాని ఘనపదార్థాలలో వేడి ముఖ్యంగా పరమాణువుల కంపనాలుగానే ప్రయాణిస్తుంది. ఆ కంపనాలు ఇంకా వేగవంతమైనవి, కాబట్టి ఇంకా చిన్న అమరికలు కావాలి. అవి సాధ్యమైతే వేడిని కూడా దారి మళ్ళించవచ్చు.

ఇప్పుడు మీకొక ప్రశ్న. శిల్పంలోని ఎడం 5 సెంటీమీటర్లయితే ఏ ధ్వని ఆగుతుంది?