పాత జీపు, లక్ష రూపాయలు: ఏది ముందు, ఏది తర్వాత

పాత మహీంద్రా జీపు బేరానికి వచ్చిందంటే ఇంజిన్ చప్పుడు వినే ముందు ఆర్‌సీ తెరిచి గడువు తేదీ చూడండి. సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు, జీపు తరగతికి ఆ రుసుము 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 10,000 చేసింది. ఐదేళ్ల మీద పంచితే నెలకు 167. కేబుల్ బిల్లుకన్నా తక్కువే. అసలు దెబ్బ ఆలస్యంతో పడుతుంది. గడువు దాటిన ప్రతి నెలకూ 500. రెండేళ్లు షెడ్డులో పడున్న బండికి ఆలస్య రుసుమే 12,000. అంటే పొడిగింపు 10,000తో కలిపి సెల్ఫ్ కొట్టకముందే 22,000 అయిపోయాయి. బీమా, హరిత పన్ను వేరు. ఈ లెక్క అమ్మేవారి ముందే వేసి ధరలో తగ్గించమనండి.

‘50 ఏళ్లు దాటిన జీపైతే వింటేజ్ కింద రాయించుకోవచ్చు కదా?’ అని అడగొచ్చు. ఆ దారి 2021లో వచ్చింది, కానీ కొత్త నమోదుకు 20,000 కట్టాలి. పైగా ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనానికి మాత్రమే బయటకు తీయాలి. పొలానికో, ఊరికో వెళ్దామనుకునేవారికి అది పనికిరాదు.

ఇక చాసిస్. బండి బరువంతా మోసే అడుగు ఇనుప చట్రం ఇదే. దాని మీద కొట్టిన నంబరుపై తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అంకెలు అచ్చు పడతాయి. ఆర్‌సీతో ఒక్క అంకె తేడా ఉన్నా దండం పెట్టి వచ్చేయండి. సైన్యం వేలంలో కొన్నదని చెప్పే బండ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. తర్వాత చిన్న సుత్తితో చట్రం పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు చచ్చిపోతుంది, పెళ్లలు రాలతాయి. కమాను కట్టలు బిగించే చోట్ల తప్పకుండా తట్టాలి. అక్కడ చట్రం పోయిందంటే బాగు చేయించడం చవక పని కాదు.

అన్ని పాత జీపులకూ నాలుగు చక్రాల డ్రైవ్ ఉండదు. వంగి ముందు ఇరుసు చూడండి. దాని మీద గుండ్రటి ఉబ్బు ఉంటే అది డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే పెట్టె. వట్టి కడ్డీయే ఉంటే రెండు చక్రాల బండే. మట్టి నేల మీద నాలుగు చక్రాల డ్రైవ్ లీవరు వేయించి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో కూడా చూడాలి.

బండి కొన్నాక చేతిలో లక్ష మిగిలిందనుకుందాం. కాగితాలకు పైన చెప్పిన 22,000. ముట్టుకోకుండా పక్కన పెట్టేది 15,000. విప్పినకొద్దీ ఏదో ఒకటి బయటపడుతూనే ఉంటుంది మరి. బ్రేకులు, స్టీరింగు, టైర్లకు 30,000. మిగిలిన 33,000లోనే ఇంజిన్, వైరింగు, బాడీ. ఇవి మార్కెట్ ధరలు కావు, నేను గీసిన హద్దులు. షాపుల్లో అడిగి మీ అంకెలు మీరు వేసుకోండి.

ఆ 33,000తో ఇంజిన్ మొత్తం దించి చేయించగలమని ఆశ పెట్టుకోవద్దు. అందుకే బాగున్న ఇంజిన్‌నే వెతుక్కోవాలి. మహీంద్రా ఎంఎం 540 జీపులో వచ్చిన ప్యూజో డీజిల్ ఇంజిన్ 2,112 సీసీ, నాలుగు సిలిండర్లది. ఒక్కో సిలిండర్ అడ్డకొలత, అంటే బోరు, 90 మిల్లీమీటర్లు. అరిగి అది వెడల్పయితేనే మెకానిక్కులు ‘బోరుకొచ్చింది’ అంటారు. పరీక్షకు ఖర్చేమీ లేదు. పొద్దున్నే, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పి వెళ్లండి. చల్లటి ఇంజిన్ ఎన్ని సెల్ఫులకు అందుకుందో చూడండి. వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే ఆయిల్ తాగుతోందన్నమాట. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుస్సుబుస్సుమని తన్నుకొస్తోందా, బోరు పని దగ్గర్లోనే ఉంది.

బ్రేకుల్లో మాత్రం పొదుపు వద్దు. పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ ఆయిల్ ఒకే గొట్టం వరసలో వెళ్తుంది. ఎక్కడ కారినా పెడల్ నేలకు అంటుతుంది. రబ్బరు కప్పులు, గొట్టాలు పైకి బాగానే కనిపించినా అన్నీ మార్పించండి. ఇంజిన్ మొరాయిస్తే బండి ఆగిపోతుంది. బ్రేకు మొరాయిస్తే ఆగదు.

బాడీ సంగతి తేలిక. జీపు రేకులు చాలావరకు చదునుగా ఉంటాయి కాబట్టి విజయవాడ ఆటోనగర్ లాంటిచోట టింకరింగ్ పనివాళ్లు కొత్త రేకు కత్తిరించి అతికేస్తారు. తుప్పు మీదే పుట్టీ మెత్తితే ఒప్పుకోకండి, రెండు వానలకే ఉబ్బుతుంది. వీడియోల్లో చూసి వేరే ఇంజిన్, బాడీ మార్పుల జోలికి పోవద్దు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

రంగు చివర్లో, డబ్బు మిగిలితేనే. ఎంత ముచ్చటపడ్డా ఆలివ్ గ్రీన్ వేయించకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆ రంగును రక్షణ శాఖ బండ్లకే ఉంచింది. వేరే ఏ రంగుకు మారినా ఆర్‌సీలో రాయించుకోవాలి. ఉన్న రంగే మళ్లీ కొట్టిస్తే ఆ తిరుగుడు కూడా ఉండదు.