పసివాళ్లు చెప్పే మొదటి మాట

పసిబిడ్డను ఇంకొకరి చేతిలో పెట్టి పనికి వెళ్లడం మన తల్లులకు కొత్త సంగతి కాదు. పూర్వం ఆ చేతులు అమ్మమ్మవో, మేనత్తవో, పక్కింటి పెద్దమ్మవో అయి ఉండేవి. ఇప్పుడు జీతం పుచ్చుకుని చూసే చేతులు కూడా వచ్చాయి. ఇది పట్నవాసాల గొడవ, పల్లెలో మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. నిజాంసాగర్ కాలువ నీళ్లతో వరి పండే మా రుద్రూరు ప్రాంతంలో నాట్ల రోజుల్లో తల్లి పొద్దు పొడవకముందే పొలానికి పోతుంది. బీడీలు చుట్టే తల్లికి తల ఎత్తడానికి తీరదు. తండ్రి గల్ఫులో ఉన్న ఇళ్లు మా జిల్లాలో తక్కువేమీ కాదు. అంచేత మూడేళ్లు నిండీ నిండకుండానే పిల్లవాడు అంగన్‌వాడీకో, ప్రైవేటు నర్సరీకో వెళుతున్నాడు. కొందరు ఆటో ఎక్కి బోధన్‌కో, బాన్సువాడకో పోతున్నారు.

అలా వెళ్లిన పిల్లవాడు సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పే మాటను ఎవరు వింటున్నారు? ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కారణం ఆ ప్రశ్నే. నేను వైద్యుణ్ణీ కాను, న్యాయవాదినీ కాను. కళాశాలలో తెలుగు చెప్పుకునే మనిషిని. అయినా ఇది చాలావరకు మాటకు సంబంధించిన వ్యవహారం కనుక నాకూ ఇందులో కొంత పని ఉందనుకుంటాను.

'దండం దశగుణం భవేత్' అనీ, 'మొక్కై వంగనిది మానై వంగునా' అనీ మన పెద్దలు చెప్పిన మాటలను దెబ్బకు సమర్థనగా వాడుకోవడం మనకు అలవాటు. చెంపదెబ్బ, చీకటి గదిలో పెట్టడం, అన్నం పెట్టకపోవడం, 'మీ అమ్మ ఇక రాదు' అని బెదిరించడం, వీటిని మనం క్రమశిక్షణ కింద జమకడతాం. చట్టం మటుకు అలా జమకట్టదు. ఇక శరీరాన్ని చెడు ఉద్దేశంతో తాకడం వీటన్నిటికంటే ఘోరం. అది బయటి ఊరివాడి పని అనుకోవడం మన భ్రమ. కేంద్ర ప్రభుత్వం 2007లో 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లల్ని అడిగి ఒక నివేదిక ప్రకటించింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నారు. 53.22 శాతం మంది ఏదో ఒక విధమైన లైంగిక దురాగతానికి గురైనవారు. ఆ పని చేసినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మినవారు! చాలామంది పిల్లలు ఆ మాట ఎవరికీ చెప్పనే లేదు.

హైదరాబాదు చెప్పిన పాఠం

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక పేరున్న పాఠశాలలో ఎల్‌.కె.జి. చదివే నాలుగేళ్ల పాపపై జరిగిన అత్యాచారం బయటపడింది. నిందితుడు పాఠం చెప్పేవాడు కాదు, ఆయా కాదు. ప్రిన్సిపాల్ గారి కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో, అంటే సుమారు ఆరు నెలలకే, నాంపల్లిలోని న్యాయస్థానం అతనికి 20 సంవత్సరాల జైలుశిక్ష వేసింది. కేసులో చేర్చిన ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఇందులో మనం గ్రహించవలసింది ఒకటుంది. బడి ఎంచుకునేటప్పుడు పంతులమ్మ ఎలాంటిదని అడుగుతాం. డ్రైవరు, వాచ్‌మన్, ఊడ్చేవాడు, యజమాని గారి బంధువు, వీళ్లలో ఎవరెవరు పిల్లలున్న గదిలోకి రాగలరని మటుకు అడగం.

2016 నవంబరులో నవీముంబయి ఖార్ఘర్‌లో పది నెలల పసికందును ఒక ఆయా కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. అక్కడ కెమెరా ఉంది. కాని ఆ దృశ్యాన్ని చూసింది బిడ్డకు గాయమైన తరువాత! కెమెరా జరిగిన దానికి సాక్ష్యం చెబుతుంది గాని, జరగబోయే దానికి అడ్డుపడదు.

మాట రాని బిడ్డ చెప్పే మాట

మాటలు రాని బిడ్డ శరీరంతో చెబుతుంది. ఆడుకునే పిల్లలకు మోకాళ్ల మీద, ముంజేతుల మీద, నుదుటి మీద దెబ్బలు తగులుతూనే ఉంటాయి. చెవి, మెడ, వీపు, పొట్ట, తొడల లోపలి భాగం, పిరుదులు, ఇక్కడ కమిలితే ఆగి ఆలోచించాలి. ఇంకా పాకడం కూడా రాని శిశువుకు ఎక్కడ కమిలినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. వేళ్ల అచ్చులు, గుండ్రని కాలిన మచ్చలు, మర్మస్థానాలలో నొప్పి, రక్తపు మరకలు, వేళగాని వేళ మత్తు నిద్ర, ఇవి ఉపేక్షించదగ్గవి కావు.

తీరు మారడం మరొక గుర్తు. మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలుకావడం, నిద్రలో ఉలికిపడడం, ఒక మనిషి పేరు చెప్పగానే బిగుసుకుపోవడం, బట్టలు మార్చబోతే భయపడడం, వయసుకు మించిన మాటలూ చేష్టలూ రావడం. అయితే కొత్త చోట మొదటి వారం పది రోజులు ఏడవని బిడ్డ అరుదు సుమా! ఒక్క గుర్తుతో ఎవరినీ దోషిని చేయరాదు. రెండు మూడు కలిసి కనిపిస్తే మటుకు కళ్లు మూసుకోరాదు. మౌనం అర్ధాంగీకారమని లోకోక్తి; పసివాడి మౌనానికి ఆ అర్థం లేదు.

ఎలా అడగాలి?

మన భాషలో ప్రశ్న రెండు తీరులు. క్రియకు చివర 'ఆ' చేరిస్తే ఒకటి: 'కొట్టిందా?', 'ముట్టుకున్నాడా?' ఈ ప్రశ్నలో జవాబు ముందే కూచుని ఉంటుంది. పిల్లవాడు తల ఊపితే చాలు. 'ఏమైంది బిడ్డా?', 'తరువాత?', 'అప్పుడెవరున్నారు?' అన్నది రెండో తీరు. ఇందులో జవాబు పిల్లవాడే చెప్పాలి. ఇటువంటి సమయంలో వాడవలసింది ఈ రెండో తీరు.

ఇది వ్యాకరణ చాదస్తం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మెక్‌మార్టిన్ అనే శిశుపాఠశాల మీద 1983లో ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. వందల మంది పిల్లల్ని ప్రశ్నించారు. జవాబులు ప్రశ్నలలోనే దాగి ఉన్నాయి. లేదన్న పిల్లల్ని మళ్లీ మళ్లీ అడిగారు. పిల్లలు నమ్మశక్యం కాని కథలు చెప్పసాగారు. 1990 దాకా నడిచిన ఆ వ్యవహారంలో చివరికి ఒక్కరికీ శిక్ష పడలేదు. నిందితుల్లో ఒకరు శిక్ష పడకుండానే ఐదేళ్లు జైల్లో గడిపారు. పెద్దల మాట పిల్లల నోట్లో పెడితే, నేరం జరిగి ఉంటే నేరస్థుడు తప్పించుకుంటాడు. జరగకపోతే నిరపరాధి నలిగిపోతాడు.

మరొక సంగతి. శరీర భాగాలకు మనం పిల్లలకు పేర్లు నేర్పం. ఆ మాట ఎత్తగానే 'ఛీ, సిగ్గులేదా!' అంటాం. ఆపద వచ్చినప్పుడు ఆ పిల్ల ఏ మాటతో చెప్పుకోవాలి? ముక్కు, చెవి నేర్పినట్టే అన్నిటికీ మర్యాదైన పేరు నేర్పాలి. 'అమ్మకు చెప్పొద్దు' అని ఎవరన్నా సరే, ఆ సంగతే ముందు అమ్మకు చెప్పాలని నేర్పాలి.

చెప్పిన తరువాత

పిల్ల చెప్పగానే కోపంతో అరిస్తే తన మీదనే కోపమనుకుని నోరు మూసుకుంటుంది. 'చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు' అనాలి. ఆమె అన్న మాటల్నే, తేదీతో సహా, కాగితం మీద రాసిపెట్టాలి. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ మళ్లీ చెప్పించరాదు. అనుమానం ఉన్న మనిషి మీదికి పోట్లాటకు పోతే సాక్ష్యాలు మాయమవుతాయి. లైంగిక దాడి అనుకుంటే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పోలీసు కాగితం లేదని అక్కడ అత్యవసర చికిత్స నిరాకరించరాదు.

1098 నంబరుకు, లేదా 112కు ఫోను చేయవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల దాకా, సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది దాకా జైలు. సదుద్దేశంతో చెప్పినవారి మీద చర్య ఉండదు. పిల్లను ఠాణాకు ఈడ్చుకుపోనక్కరలేదు. వీలైనంతవరకు ఎస్‌.ఐ. హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా, ఇంటి దగ్గరే వాంగ్మూలం తీసుకోవాలి. పత్రికలు పేరు వేయరాదు. ఇక కొట్టడం, హింసించడం సంగతి: 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం పిల్లల్ని చూసుకోవలసిన సంస్థలోని మనిషే ఆ పని చేస్తే 5 ఏళ్ల దాకా కఠినశిక్ష, 5 లక్షల దాకా జుర్మానా.

పల్లెల్లో ఇటువంటివి పెద్దమనుషుల్లో పెట్టి, ఇంత డబ్బు ఇప్పించి, పరువు పేరిట పాతిపెట్టాలని చూస్తారు. డబ్బు ఇచ్చినవాడు మళ్లీ పిల్లల మధ్యకే వెళతాడు. పరువు ఎవరిది పోవాలో కాస్త ఆలోచించండి!

ముందే చేయవలసింది

చేర్చేముందు అడగండి. ఒక్క ఆయా ఎంతమందిని చూస్తుంది? మరుగుదొడ్డికి ఎవరు తీసుకుపోతారు? నిద్రగది తలుపు తెరిచే ఉంటుందా? పనివాళ్ల గురించి పోలీసు విచారణ చేయించారా? సాయంత్రం బిడ్డను ఎవరికి అప్పగిస్తారు? ఆటో నడిపేది ఎవరు? అన్నిటికంటే ముఖ్యం: చెప్పకుండా ఎప్పుడు వచ్చినా లోపలికి రానిస్తారా? 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు, 50 మందీ అంతకు మించీ పనిచేసే చోట శిశుగృహం ఉండాలనీ, తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి చూసుకోవచ్చనీ రాశారు. తల్లిని గేటు దగ్గర ఆపే చోటు, మిగతా హంగులెన్ని ఉన్నా, బిడ్డకు తగిన చోటు కాదు.

ఆయాలందరినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. చాలీచాలని జీతానికి ఇరవైమంది పిల్లల్ని ఒక్కతే సముదాయించే తల్లులు ఎందరో ఉన్నారు. ఇద్దరుండవలసిన చోట ఒక్కరినే పెట్టి మిగుల్చుకునే యజమాని బాధ్యత తక్కువది కాదు.

ఇక ఇంట్లో చేయవలసింది ఖర్చులేని పని. రోజూ సాయంత్రం పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి, బువ్వ తినిపిస్తూ, 'ఇవాళ ఏమేమి జరిగింది బిడ్డా?' అని అడిగి ఊరుకోండి. ముద్దుమాటలే చెప్పనివ్వండి, కాకమ్మ కథలే చెప్పనివ్వండి. చిన్న మాటలు వినేవాళ్లున్నారని తెలిసిన పిల్లే, చెప్పవలసిన పెద్ద మాట వచ్చిననాడు నోరు విప్పుతుంది.