పర్సు ఒక్కటే, కప్పులు వేరు

ఐపీఎల్‌లో ఏటా ఒక జట్టు కప్పు గెలుస్తుంది. ఆ రాత్రి నుంచే మిగిలిన తొమ్మిది జట్ల అభిమానులు ఆ గెలుపుకు వెల కట్టడం మొదలుపెడతారు. వేసవిలో విజయనగరం మూడు లాంతర్ల దగ్గరా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనూ టీ కొట్ల ముందు సాగే వాదాల్లో రెండు అస్త్రాలు తప్పక బయటికి వస్తాయి. మొదటిది కప్పుల లెక్క, రెండవది డబ్బు లెక్క. 2025 సీజన్ ముగిసేనాటికి ముంబై, చెన్నై జట్ల వద్ద చెరి ఐదు కప్పులు ఉన్నాయి గనుక వాటి అభిమాని "ముందు మీకెన్ని కప్పులున్నాయో చెప్పండి" అని నిలదీస్తాడు. హైదరాబాద్ జట్టు అభిమాని "డబ్బున్నవాళ్లు, కొనుక్కున్నారు" అని బదులిస్తాడు. సన్‌రైజర్స్ యజమాని అయిన సన్ టీవీ సంస్థ కూడా ఏమంత బీదది కాదన్న సంగతి ఆ సమయంలో అతనికి గుర్తు రాదు. అది అటుంచినా, ఆ బదులులో అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది: ఐపీఎల్‌లో ఆటగాళ్లను కొనడానికి ఏ జట్టుకైనా అనుమతించే మొత్తం ఒక్కటే.

ఈ మొత్తాన్నే క్రికెట్ వాడుకలో పర్సు అంటారు. ఒక నగరం పేరిట జట్టును నడిపే హక్కు కొనుక్కున్న సంస్థను ఫ్రాంచైజీ అంటారు. ప్రతి ఫ్రాంచైజీ క్రికెట్ బోర్డు విధించిన పరిమితికి లోబడి 18 నుంచి 25 మంది ఆటగాళ్లను సమకూర్చుకోవాలి, వారిలో విదేశీయులు ఎనిమిది మందికి మించకూడదు. 2008లో 50 లక్షల డాలర్లతో మొదలైన వేలం పర్సు 2014 నాటికి 60 కోట్ల రూపాయలకు, 2022 నాటికి 90 కోట్లకు, 2025 సీజన్‌కు 120 కోట్లకు పెరిగింది. యజమాని ఆస్తి ఎంతైనా ఈ గీత దాటడానికి వీల్లేదు. పైగా 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడవగా, ఆ రాబడిలో అన్ని జట్లకూ వాటా దక్కుతుంది కాబట్టి, పర్సు నింపుకోలేక వెనకబడిన జట్టు అంటూ ఇక్కడ ఉండదు.

"డబ్బుతో కొన్నారు" అనే నింద నిజంగా పుట్టి పెరిగిన చోటు అమెరికాలోని బేస్‌బాల్. ఆ దేశపు ప్రధాన బేస్‌బాల్ లీగ్‌లో జట్టు జీతాల మొత్తానికి కచ్చితమైన గరిష్ఠ పరిమితి లేదు. నిర్ణీత మొత్తం దాటి ఖర్చు పెట్టే జట్టు అదనంగా పన్ను కట్టాలి, అంతే. 2025లో ఆ మొత్తం 24.1 కోట్ల డాలర్లు. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు జపాన్ ఆటగాడు షోహెయ్ ఓటానీతో 2023 డిసెంబరులో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, అందులో 68 కోట్లను ఒప్పంద కాలం ముగిశాక చెల్లించేలా రాయించుకుంది. తరువాత 2024లోనూ 2025లోనూ వరుసగా విజేత అయింది. పన్ను కట్టి మరీ గెలిచే స్తోమత ఉన్న జట్టు ఒకవైపు, ఆ గీత దరిదాపులకైనా రాలేని జట్లు మరొకవైపు ఉన్నందున అక్కడి అభిమానుల గొడవకు ఆధారం ఉంది. అయినా 2023లో అంతకుముందు ఏ జట్టూ పెట్టనంత జీతాలు పెట్టిన న్యూయార్క్ మెట్స్ 75 ఆటలు గెలిచి 87 ఓడిపోయింది. 2002లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ సుమారు 4 కోట్ల డాలర్ల జీతాలతో 103 ఆటలు గెలిచింది. మూడు రెట్ల జీతాలు చెల్లించిన న్యూయార్క్ యాంకీస్ గెలిచినవీ సరిగ్గా 103.

పరిమితి లేని క్రికెట్ ఎలా ఉంటుందో చూడడానికి అమెరికా దాకా వెళ్లనక్కర లేదు. విజయనగరం సంస్థానాధీశుని రెండవ కుమారుడు పూసపాటి విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకానికి 'విజ్జీ', అన్నగారు గద్దెనెక్కిన తరువాత కాశీలోని కుటుంబ ఆస్తుల వద్ద స్థిరపడి, 1926లో సొంత జట్టును కట్టి, భవన ప్రాంగణంలోనే మైదానం వేయించారు. 1930-31లో ఇంగ్లండ్‌కు చెందిన ఎంసీసీ జట్టు పర్యటన రద్దయినప్పుడు ఆయన తన జట్టునే భారతదేశంలోనూ సిలోనులోనూ తిప్పారు. ఆ జట్టులో ఆడడానికి ఆనాటి ఇంగ్లండ్ ఓపెనర్ల జంట జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించారు. ఎంసీసీ పర్యటనలకు పిలిస్తే ఎన్నోసార్లు కాదన్న హాబ్స్ ఒక జమీందారు బిడ్డ పిలుపు మీద రావడం చిన్న విషయం కాదు. కొన్నేళ్లకు వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్ కూడా ఆయన పిలుపు మీదే భారతదేశానికి వచ్చారు. బడిలో చదువుతున్న ముస్తాక్ అలీని కాశీకి తెచ్చి శిక్షణ ఇప్పించిన ఘనత కూడా విజ్జీదే; ప్రతిభను పసిగట్టి తెచ్చుకునే పనికి ఇప్పుడు ఫ్రాంచైజీలు ప్రత్యేకంగా మనుషులను నియమించుకుంటున్నాయి.

అయితే అదే పలుకుబడి ఆయనను 1936 ఇంగ్లండ్ పర్యటనకు భారత కెప్టెన్‌ను కూడా చేసింది. ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించివేశారు. జట్టు వర్గాలుగా చీలింది. మూడు టెస్టుల సిరీస్ 0-2తో పోయింది. మూడు టెస్టులలో విజ్జీ సగటు 8.25, చేసిన పరుగులు మొత్తం 33. హాబ్స్‌ను తెచ్చిన డబ్బే డ్రెస్సింగ్ రూమును కూడా చెడగొట్టిందని చెప్పడం ఆయనకు అన్యాయమేమీ కాదు. తరువాతి కాలంలో క్రికెట్ బోర్డు అధ్యక్షునిగా, విశాఖపట్నం లోక్‌సభ సభ్యునిగా కూడా పనిచేసిన ఆయన పేరిట విజయనగరంలో స్టేడియం ఉంది.

ఐపీఎల్‌కు తిరిగి వస్తే, అభిమానులు తరచు కలిపేసే రెండు ధరలను విడదీయాలి: జట్టును కొన్న ధర ఒకటి, ఆటగాళ్లను కొన్న ధర వేరొకటి. మొదటి దానికి పరిమితి లేదు. 2008లో ముంబై 11.19 కోట్ల డాలర్లకు, హైదరాబాద్ 10.7 కోట్ల డాలర్లకు అమ్ముడుపోగా, ఎనిమిదింటిలోకీ చవకగా 6.7 కోట్ల డాలర్లకు పోయినది జైపూర్. ఆ చవక జట్టే, షేన్ వార్న్ నాయకత్వంలో, మొదటి కప్పు ఎత్తుకుపోయింది. ధరలో మూడవ స్థానంలో ఉన్న హైదరాబాద్ దక్కన్ ఛార్జర్స్ 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అప్పట్లో 'ఐకాన్' అని ప్రకటించిన ఆటగాడికి తన జట్టులో అత్యధిక ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ చెల్లించాలనే నిబంధన ఉండేది, వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ హోదాను వదులుకుని ఇతర ఆటగాళ్లను కొనడానికి జట్టుకు డబ్బు మిగిల్చారు. మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో గిల్‌క్రిస్ట్ నాయకత్వాన అదే జట్టు, విశాఖకు చెందిన వేణుగోపాలరావు కూడా సభ్యుడిగా ఉండగా, జొహానెస్‌బర్గ్ ఫైనల్‌లో బెంగళూరును ఆరు పరుగులతో ఓడించింది. 2012లో ఆ ఫ్రాంచైజీ రద్దయి, దాని స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ 2016లో మళ్లీ బెంగళూరునే ఎనిమిది పరుగులతో ఓడించి కప్పు తెచ్చింది. హైదరాబాద్‌కు రెండు కప్పులా, ఒకటా అన్నది అభిమానుల్లో ఇప్పటికీ తెగని తగాదా. నగరాన్ని లెక్కిస్తే రెండు, యాజమాన్యాన్ని లెక్కిస్తే ఒకటి. ఉత్తరాంధ్రలో చాలామంది రెండనే అంటారు, చెన్నైతో వాదించేటప్పుడు మరీ గట్టిగా అంటారు.

పర్సు సమానమైనప్పుడు తేడా వచ్చేది పంచుకోవడంలో. 2025 సీజన్‌కు ముందు జరిగిన భారీ వేలం దీనికి చక్కని ఉదాహరణ. ప్రతి జట్టూ కొందరు పాత ఆటగాళ్లను వేలానికి వదలకుండా అట్టిపెట్టుకోవచ్చు, వారికిచ్చే మొత్తం పర్సులోంచి తగ్గుతుంది. సన్‌రైజర్స్ క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్‌లకు చెరి 14, విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి ఐదుగురిపై 75 కోట్లు పెట్టింది. నితీశ్‌ను ఈ జట్టు 2023లో కొన్నది 20 లక్షలకే. మిగిలిన 45 కోట్లలో ఇషాన్ కిషన్, షమీ, హర్షల్ పటేల్ ముగ్గురికే 29.25 కోట్లు పోయాయి. మిగతా జట్టంతా 16 కోట్ల లోపు సొమ్ముతో సర్దుకోవాల్సి వచ్చింది. 2024లో 287 పరుగుల రికార్డు స్కోరు చేసిన బ్యాటింగ్ వరుసను కాపాడుకోవాలన్న ఆశ అర్థం చేసుకోదగినదే, కానీ ఫలితం ఆరవ స్థానం.

బెంగళూరు దీనికి ఎదురు దారిలో నడిచింది. ముగ్గురికే 37 కోట్లు ఇచ్చి, 83 కోట్లతో వేలానికి వెళ్లి, అక్కడ ఏ ఒక్కరికీ 12.5 కోట్లకు మించి పెట్టలేదు. సన్‌రైజర్స్‌కు పదకొండేళ్లు బౌలింగ్ భారం మోసిన భువనేశ్వర్ కుమార్‌ను 10.75 కోట్లకు తీసుకున్నది కూడా వాళ్లే. పద్దెనిమిది సీజన్ల నిరీక్షణ తరువాత 2025 జూన్ 3న ఆ జట్టు అహ్మదాబాద్‌లో పంజాబ్‌ను ఆరు పరుగులతో ఓడించినప్పుడు, ఆ రాత్రి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ 5.75 కోట్లకు కొన్న కృనాల్ పాండ్యా. ఫైనల్ చేరిన పంజాబ్ వేలానికి 110.5 కోట్లతో వెళ్లింది. అంటే వేలంలో అందరికంటే ఎక్కువ సొమ్ము చేతిలో ఉంచుకున్న రెండు జట్లే ఫైనల్ ఆడాయి. ఇది సూత్రమని చెప్పడానికి లేదు, ఎందుకంటే 45 కోట్లే మిగుల్చుకున్న ముంబై కూడా ప్లేఆఫ్ దాకా వచ్చింది. ఒక్కడి మీద ఎక్కువ పెడితే మునిగిపోతారనడానికీ లేదు: 26.75 కోట్ల శ్రేయస్ అయ్యర్ పంజాబ్‌ను ఫైనల్‌కు తెచ్చాడు, 27 కోట్ల రిషభ్ పంత్ లక్నోకు కెప్టెన్‌గా ఏడవ స్థానంలో ముగించాడు.

ఇలాంటి బేరం బెడిసికొట్టిన కథ తెలుగువారికి కబడ్డీలో మరీ చేదుగా తెలుసు. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొని ప్రో కబడ్డీ చరిత్రలో అప్పటికి అత్యధిక ధర పెట్టింది. ఆ సీజన్‌లో 22 ఆటల్లో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. ఏడుగురు ఆడే ఆటలో ఒక్క రైడర్ పాయింట్లు తేగలడు గాని, వెనక డిఫెన్స్ పట్టుకోలేకపోతే ఆ పాయింట్లు నిలవవు.

పర్సు సమానమన్నంత మాత్రాన డబ్బు ప్రభావం పూర్తిగా పోయిందనడం కూడా తప్పే. ఊరూరా తిరిగి కుర్రాళ్లను వెతికే సిబ్బంది, ఏడాది పొడవునా నడిచే శిక్షణ శిబిరాలు, విశ్లేషకులు, వైద్యులు పర్సు పరిధిలోకి రారు. స్తోమత ఉన్న యజమాని అక్కడ ఎంతైనా పెట్టవచ్చు. అలాంటి వెతుకులాట వల్లే ముంబై జట్టు 2015లో హార్దిక్ పాండ్యాను 10 లక్షలకు తీసుకోగలిగింది. కాబట్టి "డబ్బుతో కొన్నారు" అనదలచినవారు వేలం బల్ల వైపు కాక, వేలానికి ముందు ఆరేడు నెలల ఖర్చు వైపు వేలు చూపితే వాదం కొంత నిలుస్తుంది.

ఉత్తరాంధ్రకు ఐపీఎల్ జట్టు లేదు. జట్లు యజమాని పుట్టిన ఊరిని బట్టి కాక, మార్కెట్ ఉన్న నగరాన్ని బట్టి వస్తాయి. ఢిల్లీ ఫ్రాంచైజీని 2008లో 8.4 కోట్ల డాలర్లకు కొన్న జీఎంఆర్ సంస్థ అధిపతి గ్రంధి మల్లికార్జునరావు రాజాం మనిషి; జనపనార వ్యాపారంతో మొదలైన ఆ కుటుంబపు ఊరు 2022 జిల్లాల విభజన దాకా శ్రీకాకుళంలో ఉండి ఇప్పుడు విజయనగరంలోకి వచ్చింది. 2018లో సగం వాటాను జేఎస్‌డబ్ల్యూ సంస్థకు అమ్మాక జట్టు పేరు ఢిల్లీ క్యాపిటల్స్ అయింది. పురుషుల జట్టు 2020లో ఒక్కసారే ఫైనల్ చేరి ముంబై చేతిలో ఓడింది. మహిళల జట్టు 2023, 2024, 2025 మూడు ఫైనళ్లూ ఓడింది. ఖర్చులో గానీ ప్రయత్నంలో గానీ లోపం లేకుండా కప్పు లేని జట్టుగా నిలవడం ఎలాంటిదో రాజాం వాళ్లను అడగాలి. 2025 వేలంలో ఈ జట్టు టెక్కలికి చెందిన త్రిపురాన విజయ్‌ను కనీస ధర 30 లక్షలకు తీసుకుంది. అది 120 కోట్లలో నాలుగు వందలవ వంతు.

ఢిల్లీ జట్టు 2024లోనూ 2025లోనూ విశాఖ మధురవాడ స్టేడియాన్ని రెండేసి ఆటలకు సొంత మైదానంగా ఎంచుకుంది. 2024 మార్చి 31న చెన్నైతో ఆడినప్పుడు 'సొంత' ప్రేక్షకులలో ఎక్కువమంది ధోనీ కోసం కేకలు వేశారు. మరుసటి ఏడు మార్చి 30న అక్కడికే సన్‌రైజర్స్ వచ్చింది. ఢిల్లీ బౌలర్ మిచెల్ స్టార్క్‌ను కోల్‌కతా అంతకుముందు 24.75 కోట్లకు కొనగా, అతడు 2024 ఫైనల్‌లో సన్‌రైజర్స్‌ను దెబ్బతీసి ఆ ధరకు న్యాయం చేశాడు; ఢిల్లీ అతడిని 11.75 కోట్లకే పొందింది. సగం ధరకు వచ్చిన ఆ బౌలర్ విశాఖలో 35 పరుగులిచ్చి ఐదు వికెట్లు పడగొట్టాడు, సొంత ఊళ్లో ఆడుతున్న నితీశ్ ఖాతా తెరవకుండానే వెనుదిరిగాడు. 75 కోట్ల ఐదుగురూ జట్టులో ఉండగా సన్‌రైజర్స్ 163కు ఆలౌటైంది. ఆ ఇన్నింగ్స్‌లో 41 బంతులకు 74 కొట్టి అత్యధిక పరుగులు చేసినవాడు మాత్రం, వేలంలో 30 లక్షలకు దొరికిన అనికేత్ వర్మ.