మీకు తెలుసా? తమిళ ఊళ్లో తెలుగు నరసింహుడు

తంజావూరు జిల్లా మేలట్టూరులో ఏటా నరసింహ జయంతికి ఆడే ‘ప్రహ్లాద చరిత్ర’ నృత్యనాటకం అచ్చంగా తెలుగులోనే సాగుతుంది. చూసేవాళ్లలో ఎక్కువమంది తమిళులు. రాసింది త్యాగరాజు కాలంవాడైన మేలట్టూరు వెంకటరామశాస్త్రి.

ఇలాగే ఏటా పండగకు, అంటే క్రిస్మస్‌కు, ఆడే ‘నట్‌క్రాకర్’ బాలే 1892లో పుట్టింది. దాని కథనూ కాలాన్నీ కూడా మార్చి కొత్తగా ఆడేస్తున్నారు. మేలట్టూరులోనూ కాగడాలు పోయి కరెంటు దీపాలు, మైకులొచ్చాయి. కానీ ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం మాత్రం ఇప్పటికీ మగవాళ్లదే! నరసింహుడి మాస్కుకు పూజలు చేస్తారు. దాన్ని పెట్టుకునే నటుడు ఉపవాసం ఉంటాడు. హిరణ్యకశిపుడి మీదికి ఉరికేటప్పుడు పూనకంలో హద్దు దాటకుండా అతణ్ని పక్కవాళ్లు గట్టిగా పట్టుకుంటారు. కదిరి నరసింహుణ్ని కొలిచే మన అనంతపురంవాళ్లు ఒక్కసారైనా చూసి రావాల్సిన ఆట.