భూపాలపల్లి మీదుగా ఏ ఉపగ్రహం, ఎప్పుడు?

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరదకు రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అలాంటి రోజుల్లో చాలామంది అనే మాట ఒకటుంది: "పైనుంచి శాటిలైట్లు చూస్తూనే ఉంటాయి కదా!"

అన్నీ అలా చూస్తూ కూర్చోవు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచినట్టు కనిపించే వాతావరణ ఉపగ్రహాలు మబ్బుల కదలికను ఎప్పటికప్పుడు చూపిస్తాయి. ఒక చెరువును, ఒక కట్టను విడిగా చూపగలిగేవి మాత్రం బాగా కింద తిరుగుతూ నిమిషాల్లో మనల్ని దాటిపోతాయి. 2022 ఫిబ్రవరి 14న ఇస్రో పంపిన ఈవోఎస్-04 ఎత్తు 529 కిలోమీటర్లు. అది రాడార్ ఉపగ్రహం కాబట్టి మబ్బు పట్టినా, చీకటైనా కింద నీళ్లు ఎక్కడున్నాయో పట్టేస్తుంది. అయితే అది మన వైపు వచ్చినప్పుడే.

ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి ఇస్రోలో పనిచేయక్కర్లేదు. ఉపగ్రహాల కక్ష్య వివరాలు టీఎల్ఈ అనే చిన్న ఫైళ్లలో ఉచితంగా దొరుకుతాయి. టి.ఎస్.కెల్సో 1985లో మొదలుపెట్టిన సెలెస్‌ట్రాక్ అనే సేవ వాటిని ఇప్పటికీ అందరికీ అందిస్తోంది. ఒక్కో ఉపగ్రహానికి రెండు వరుసలు, వరుసకు 69 అక్షరాలు. అంతే.

మొదట చూస్తే అంకెల గజిబిజి. ఒక్కొక్కటిగా విప్పితే భయం పోతుంది. 25544 అని ఉంటే అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నంబరు. 24245 అని మొదలయ్యే అంకె తేదీ: 2024వ సంవత్సరంలో 245వ రోజు. అంటే పైన చెప్పిన సెప్టెంబరు 1. రెండో వరుసలో 51.6 కనిపిస్తే ఆ ఉపగ్రహం భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన 51.6 డిగ్రీల దాకా తిరుగుతుందని. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 17, 18 డిగ్రీల దగ్గరున్నాయి కాబట్టి దాని దారిలోనే ఉన్నాం. చివర్లో వచ్చే 15.5 రోజుకు చుట్టే చుట్లు. కక్ష్య ఎంత కోలగా ఉందో చెప్పే అంకెకు మాత్రం దశాంశ బిందువు వేయరు. 0006703 అంటే 0.0006703 అని మనమే చదువుకోవాలి.

ఈ ఫైలును ప్రశ్నించడానికి ప్రెడిక్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అమెరికా హ్యామ్ రేడియో ఔత్సాహికుడు జాన్ మాగ్లియాకేన్ రాశారు. లైనక్స్ కంప్యూటర్‌లో నల్లటి టెర్మినల్ తెరిచి పేరు టైప్ చేస్తే మెనూ వస్తుంది. బొమ్మలుండవు, మౌస్ అక్కర్లేదు. యు నొక్కితే కొత్త టీఎల్ఈ ఫైలు తీసుకుంటుంది. జి నొక్కి మన ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలి. పి నొక్కితే ఏ ఉపగ్రహం, ఏ తేదీ నుంచి అని అడిగి, అది మన ఆకాశంలోకి వచ్చే వేళలన్నీ వరుసగా చూపిస్తుంది. వి నొక్కితే వాటిలో కంటికి కనిపించేవే ఏరి ఇస్తుంది. ఒక జవాబు చూశాక దాన్ని బట్టి ఇంకో ప్రశ్న వేయొచ్చు. ఇలా అడుగుతూ పోవడంలోనే విషయం ఒంటబడుతుంది.

జాగ్రత్త పడాల్సిన చోట్లు మూడు. ప్రెడిక్ట్ మామూలుగా పశ్చిమ రేఖాంశాన్నే ధనాత్మకంగా తీసుకుంటుంది. భూపాలపల్లికి 18.43, 79.86 అని కొట్టేస్తే అది జమైకాకు పడమర సముద్రంలో నిలబడి లెక్క కడుతుంది. 79.86కు ముందు మైనస్ పెట్టాలి. రెండోది, అది చూపే వేళ మనది కాదు, విశ్వ సమయం. ఐదున్నర గంటలు కలుపుకోవాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఫైలు వయసు. పలచటి గాలి ఒరిపిడికి కింది ఉపగ్రహాల కక్ష్య రోజూ కొద్దికొద్దిగా మారుతుంది. నెలల నాటి టీఎల్ఈతో లెక్క కట్టడం నిరుటి పంచాంగంతో ఈ ఏటి ముహూర్తం పెట్టడమే. పాత రోజు గురించి అడగాలంటే ఆ రోజు నాటి ఫైలే కావాలి. స్పేస్-ట్రాక్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిస్తే పాతవి దొరుకుతాయి. కేసముద్రం వరద రోజున ఏ ఉపగ్రహం ఏ వేళకు మన మీదుగా వెళ్లిందో ఈనాటికీ లెక్క తీయొచ్చు.

జనగామకు, భూపాలపల్లికి నేరుగా కొలిస్తే సుమారు 110 కిలోమీటర్లు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పోయే అంతరిక్ష కేంద్రానికి అది పదిహేను సెకన్ల దూరం కూడా కాదు. కాబట్టి వేళ ఈ రెండు ఊళ్లలోనూ, మహబూబాబాద్‌లోనూ దాదాపు ఒకటే. ఎంత ఎత్తున, ఏ దిక్కున కనిపిస్తుందన్నదే కాస్త మారుతుంది. ప్రెడిక్ట్ చూపే దిక్కు అంకె 225 అయితే నైరుతి. ఎత్తు 90 అయితే సరిగ్గా నడినెత్తిన. పొద్దుగూకాక గంటా గంటన్నర లోపో, తెల్లవారేముందో చూడాలి. అప్పుడు మనకు చీకటి, దానికి ఇంకా ఎండ.

ఈ మూడు జిల్లాల సైన్సు, లెక్కల మాస్టార్లకు ఒక విన్నపం. లైనక్స్ ఉన్న పాత కంప్యూటర్ ఒక్కటి చాలు. పిల్లల చేతే ఊరి రేఖాంశం కొట్టించండి, వేళ రాయించండి, ఆ సాయంత్రం గడియారం పట్టుకుని మైదానంలోకి రమ్మనండి. ఫైలు ఆ వారానిదేనా అని మాత్రం ముందు చూసుకోండి.