పాఠశాల మనస్తత్వ నిపుణులు: పట్టాతో పాటు పర్యవేక్షిత శిక్షణ అవసరం

తరగతిలో చురుకుగా సమాధానాలు చెప్పే బాలుడు నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు తప్పులేకుండా వ్రాయలేకపోతాడు. ఉపాధ్యాయునికి అది సోమరితనంగాను, తల్లిదండ్రులకు మొండితనంగాను తోచవచ్చును. వాస్తవానికి అది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన నిర్దిష్ట అభ్యసన వైకల్యం కావచ్చును; దృష్టి లోపమో, ఇంటిలోని కలతల ప్రభావమో కూడా కావచ్చును. అసలు కారణాన్ని గుర్తించి, బిడ్డకు తగిన తోడ్పాటు సమకూర్చటమే పాఠశాల మనస్తత్వ నిపుణుల ప్రధాన కర్తవ్యం.

సుప్రీంకోర్టు మార్గదర్శకాలు

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు వెలువరించినది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ, బాలల మరియు కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సిలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కరును కనీసం ఒకరిని నియమించుకోవాలని అందులో నిర్దేశించినది. అంతకంటె చిన్న సంస్థలు వెలుపలి నిపుణులతో సంబంధాలు ఏర్పరచుకోవాలి. ఈ బాధ్యత నెరవేరాలంటే తగిన శిక్షణ పొందిన యువత ముందుకు రావాలి.

ఏమి చదవాలి?

మన దేశంలో ఈ వృత్తికి మార్గాలు ఒకటి కంటె ఎక్కువ ఉన్నవి. మనస్తత్వశాస్త్రంలో రెండేళ్ల స్నాతకోత్తర విద్య ప్రధాన మార్గం. ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారికి ఎన్‌సీఈఆర్‌టీ మార్గదర్శనం, కౌన్సెలింగ్ డిప్లొమాను నిర్వహిస్తున్నది. క్లినికల్ లేదా పునరావాస సైకాలజిస్టుగా పనిచేయదలచిన వారు 1992 నాటి చట్టం క్రింద భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. కేవలం ఎం.ఎ. పట్టాతో ఆ హోదా లభించదు.

శిక్షణలో కీలకం

బాల్య వికాసం, అభ్యసన సిద్ధాంతాలు, గణాంక పద్ధతులు పుస్తకాల ద్వారా నేర్వవచ్చును. బినే-కామత్ పరీక్ష వంటి ప్రజ్ఞా పరీక్షలను బిడ్డ బెదరకుండా నిర్వహించటం, ఒక్క అంకెను బట్టి ముద్ర వేయకుండా ఫలితాన్ని వివరించటం మాత్రం అనుభవజ్ఞుల పర్యవేక్షణలోనే అలవడుతుంది. తెలుగు మాట్లాడే బిడ్డను ఆంగ్ల పరీక్షతో కొలిస్తే భాషా లోపం బుద్ధి లోపంగా కనిపించే ప్రమాదమున్నది. విద్యార్థి చెప్పిన విషయాలను గోప్యంగా ఉంచటం, ప్రాణాపాయ సూచనలున్నప్పుడు వెంటనే పెద్దలకు తెలిపి వైద్యుని వద్దకు పంపటం కూడా శిక్షణలో భాగమే.

అభ్యర్థులకు సూచన

మనస్తత్వశాస్త్ర కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ విధానాలలో 2025 జూలై-ఆగస్టు విద్యా సంవత్సరం నుండి నిలిపివేయవలసినదిగా యూజీసీ ఆదేశించినది. ఇది 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని అనుసరించి తీసుకొన్న నిర్ణయం. కావున అభ్యర్థులు ప్రవేశానికి ముందే కోర్సుకు గల గుర్తింపును, పాఠశాలలలో ఇంటర్న్‌షిప్ ఎంతకాలమో, పర్యవేక్షకులు ఎవరో విచారించుకోవాలి. నియామకం జరిపే పాఠశాలలు సైతం పట్టాతో పాటు ఈ అనుభవాన్ని పరిశీలించటం అవసరం.

మానసిక వ్యధలో ఉన్న విద్యార్థులు, తల్లిదండ్రులు టెలి మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చును.