స్త్రీ బృందము – అపరాధ పరిశోధనము

గడచిన కాలమును రంగముగా గైకొని, స్త్రీల బృందమును నాయకస్థానమున నిలిపిన అపరాధ పరిశోధక ధారావాహికలు ఇటీవల టెలివిజన్‌లో వెలువడుచున్నవి. వీనియందలి పాతకాలపు దుస్తులు, వాహనములు, వీథులు చూపరుల నాకర్షించుట సహజము. కాని కాలము వీనికి అలంకారమాత్రము కాదు. కథను నడపునది కాలమే యని మా అభిప్రాయము. ఇందులకు నిదర్శనముగా ఒక కృతిని పరిశీలింతము.

'ది బ్లెచ్లీ సర్కిల్' అను బ్రిటిష్ ధారావాహికకు కర్త గై బర్ట్. ఐ.టి.వి. సంస్థ దీనిని 2012లో మూడు భాగములుగను, 2014లో నాలుగు భాగములుగను ప్రసారము చేసినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్లెచ్లీ పార్కునందు శత్రువుల రహస్యలిపిని ఛేదించు పనిలో నుండిన సూసన్, మిల్లీ, జీన్, లూసీ అను నలుగురు స్త్రీలు ఇందలి నాయికలు. కథాకాలము 1952. లండనులో వరుసగా జరుగుచున్న యువతుల హత్యలలో ఒక క్రమమున్నదని, ఇప్పుడు గృహిణిగా నున్న సూసన్ గుర్తించును. ఆమె మాటపై పోలీసులు వెదకుదురు. చెప్పినచోట శవము దొరకదు. అంతటితో ఆమె మాటకు విలువ పోవును. ఇక పూర్వపు సహచరులే దిక్కు.

ఇందలి చిక్కు ఆ కాలమునకే చెందినది. ఈ స్త్రీలకు అధికారము లేదు. యుద్ధమున తాము చేసిన పనిని చెప్పుకొందమన్న, అధికార రహస్యముల చట్టము అడ్డము. భర్తలకు సైతము చెప్పరాదు. కావున 'నీకెట్లు తెలిసినది?' అను ప్రశ్నకు సూసన్ యొద్ద సత్యమైన సమాధానమున్నను, దానిని పలుకజాలదు. ఇది కేవల కల్పన కాదు. 1945 నాటికి బ్లెచ్లీ పార్కు సిబ్బందిలో ఇంచుమించు నాలుగింట మూడువంతులు స్త్రీలే. 1974లో వింటర్‌బోథమ్ గ్రంథము వెలువడిన పిమ్మటనే అచటి కృషి విస్తృతముగా లోకవిదితమైనది.

అధికారము లేనిచోట జ్ఞానమును కూడబెట్టుకొనవలెను. సూసన్ క్రమమును పట్టును. లూసీ చూచిన పత్రమును మరువదు. గ్రంథాలయమున పనిచేయు జీన్ అవసరమైన దస్త్రములను సంపాదించును. రైళ్ల వేళల పట్టికలు కూడ సాక్ష్యములగును. ఏ ఒక్కరికిని సర్వము తెలియదు. బృందము ఈ కథకు ఆవశ్యకమగుటకు హేతువిదియే.

తెలుగు అపరాధ పరిశోధక నవల ప్రధానముగా ఏకనాయక సంప్రదాయమున నడచినది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము. గురువు వివరించును, శిష్యుడు వినును. 1970 దశకారంభమున విజయలలిత నటించిన 'లేడీ జేమ్స్‌బాండ్' చిత్రమున స్త్రీయే నాయిక. కాని పేరే తెల్పునట్లు, పురుషనాయకుని స్థానమున ఆమెను నిలిపిరి. నాయకుడు మారినను నిర్మాణము మారలేదు.

ఈ భేదమును గ్రహించినచో, మన విశాఖపట్టణము అట్టి కథకు ఎంత తగినదో తెలియగలదు. 1933లో ఇచట ఓడరేవు ప్రారంభమైనది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు బాంబులు వేయగా, జనులు ఊరు విడిచి పోయిరి. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలినది. ఆ ఏడే దేశమున మహిళా సహాయక దళము ఏర్పడినది. అయితే రేవును, చీకటి వీథులను చిత్రించినంతమాత్రమున కథ సిద్ధింపదు. ఆసుపత్రిలోని నర్సునకు, బడిపంతులమ్మకు, చేపలమ్ము స్త్రీకి నాడు ఏమి తెలిసియుండెను? వారి మాటను ఎవరు నమ్మియుందురు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకినప్పుడే కాలము కథలో ప్రాణము పోసికొనును.

ఆ సమాధానములు అధికార పత్రములలో అరుదు. ఉత్తరములందు, కుటుంబములలో చెప్పుకొను మాటలందు అవి నిలిచియుండును. చెప్పగలవారు నానాటికి తగ్గుచున్నారు. కథారచయితలకంటె ముందుగా పరిశోధక విద్యార్థులు పూనుకొనవలసిన పని యిది.